చెరువుల లెక్కలకు కొత్త యాప్: ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పరీక్షించి చూడడం ఎలా?

ప్రశ్న: గట్టుమీద (భీమవరం)

అందరికీ నమస్కారం. ఉండి దగ్గర మాకు వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. రోజూ వేసిన మేత, చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మిగిలినది, నీటి పరీక్షల ఫలితాలు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), అన్నీ ఇన్నాళ్లుగా పుస్తకంలోనే రాసుకుంటున్నాం. చెరువుల లెక్కల కోసం కొత్తగా యాప్ తయారుచేస్తున్నవారు, విడుదలకు ముందే దానిని వాడి చూడమని మమ్మల్ని అడిగి, ఆండ్రాయిడ్‌కు ప్లే స్టోర్ బీటా (పరీక్ష వెర్షన్) లింకు, ఐఫోన్‌కు టెస్ట్‌ఫ్లైట్ (పరీక్ష వెర్షన్లు వేసుకునే ఆపిల్ యాప్) ఆహ్వానం పంపారు. చెరువు మీద ఉండే మా గుమస్తాది ఆండ్రాయిడ్ ఫోను. లెక్కలు చూసే మా అన్నయ్యది అమెరికా నుంచి తెచ్చుకున్న ఐఫోన్. పంట మధ్యలో ఇలాంటి ప్రయత్నం చేయవచ్చా? చేస్తే ముందుగా ఏమేం చూసుకోవాలి? నచ్చక బయటికి వస్తే అప్పటివరకు ఎక్కించిన లెక్కలు ఏమవుతాయి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: కోనసీమ కోడర్ (అమలాపురం)

పంట మధ్యలోనైనా పరీక్షించవచ్చు, కానీ పుస్తకం మాత్రం ఆపవద్దు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) పూర్తయ్యేవరకు పుస్తకంలో ఉన్నదే అసలు లెక్క అని, యాప్‌లో ఉన్నది దానికి నకలు మాత్రమే అని గుమస్తాగారికి ముందే స్పష్టంగా చెప్పండి. లేకపోతే రెండుచోట్లా రాయడం భారమై, ఆయన మొదట మానేసేది పుస్తకాన్నే.

బీటా నడిచే తీరు రెండు ఫోన్లలో ఒకటి కాదు. టెస్ట్‌ఫ్లైట్‌లో ఒక్కో బిల్డ్ (వారు పంపే ఒక్కో వెర్షన్) 90 రోజులే పనిచేస్తుంది. ఆ గడువులోగా తయారీదారులు కొత్త బిల్డ్ పెట్టకపోతే యాప్ తెరుచుకోదు. వనామీ పంట మూడు నాలుగు నెలలు నడుస్తుంది కనుక, సరిగ్గా పట్టుబడి ముందు అన్నయ్యగారి ఫోన్‌లో లెక్కలు కనిపించని పరిస్థితి రావచ్చు. ఆండ్రాయిడ్ బీటాకు అలాంటి గడువు లేదు గానీ, అక్కడ చిక్కు వెనక్కి రావడంలో ఉంది. కొత్త వెర్షన్ మీద పాత వెర్షన్‌ను నేరుగా ఎక్కించడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోవాలి, తీసేసినప్పుడు ఫోన్‌లో దాచిన సమాచారం దానితోపాటే పోతుంది. అందువల్ల లెక్కలు ఫోన్‌లో ఉంటాయా, వారి సర్వర్‌లో ఉంటాయా అన్న ప్రశ్నకు జవాబు రాబట్టిన తర్వాతే లింకు నొక్కండి. లింకు కాకుండా వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) పంపిస్తామంటే మాత్రం, ఎంత తెలిసినవారైనా, వద్దనే చెప్పండి.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించే పరీక్ష ఒకటి ఉంది. చెరువుల మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కనుక, రెండు ఫోన్లనూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒకే చెరువుకు ఒకే పూట మేతను ఒక ఫోన్‌లో 40 కిలోలుగా, మరొక ఫోన్‌లో 45 కిలోలుగా ఎక్కించండి. ఆ తర్వాత రెండింటికీ నెట్ ఇచ్చి ఏది నిలిచిందో చూడండి. తేడా ఉందని చెప్పి మిమ్మల్ని అడిగితే మంచిది. కనీసం ఎవరు ఎప్పుడు ఏమి రాశారో చూపినా ఫరవాలేదు. ఒక అంకె చడీచప్పుడు లేకుండా మాయమై రెండవది మాత్రమే మిగిలితే, ఆ యాప్ ఎంత అందంగా ఉన్నా ఇద్దరు కలిసి వాడే లెక్కలకు పనికిరాదు.

జవాబు: మేత కొట్టు (పాలకొల్లు)

పై జవాబుతో ఏకీభవిస్తూ తేదీల సంగతి చేరుస్తున్నాను. అన్నయ్యగారి ఐఫోన్‌లో రీజియన్ ఇంకా అమెరికాగానే ఉంటే, తేదీలో నెల ముందు, రోజు తర్వాత కనిపిస్తాయి. జూన్ 5న సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి 05/06 అని రాస్తే, దానిని మే 6గా చదివే యాప్ డీఓసీని (సీడ్ వదిలాక గడిచిన రోజుల లెక్కను) 30 రోజులు ఎక్కువగా చూపుతుంది. మేత పట్టిక నడిచేదే డీఓసీ మీద కనుక ఇది చిన్న పొరపాటు కాదు. రెండు ఫోన్లలోనూ ఒకే చెరువు డీఓసీ ఒకటేనా అని మొదటిరోజే సరిచూడండి.

అలాగే లెక్కలను సీఎస్‌వీ ఫైలుగా (పట్టికలా తెరుచుకునే మామూలు ఫైలుగా) బయటికి తీసి కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో తెరవండి. తెలుగులో పెట్టిన చెరువుల పేర్లు అర్థంకాని గుర్తులుగా మారితే ఆ సంగతి తయారీదారులకు వెంటనే రాయండి. వారు ఫైలును, తెలుగు అక్షరాలను సరిగా చదివించే యూటీఎఫ్-8 గుర్తుతో భద్రపరిస్తే సరిపోతుంది.

ప్రశ్న: గట్టుమీద (భీమవరం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రివేళ ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) వేయమని గుర్తుచేసే సదుపాయం కూడా అందులో ఉందట. దానిని నమ్మవచ్చా?

జవాబు: కోనసీమ కోడర్ (అమలాపురం)

ఈ పంటకు నమ్మవద్దు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు విడిగా అనుమతి ఇవ్వాలి. ఇచ్చినా, బ్యాటరీ పొదుపు కోసం ఫోను యాప్‌ను నిద్రపుచ్చితే కబురు ఆలస్యం కావచ్చు. ఐఫోన్‌లో స్లీప్ ఫోకస్ పెట్టి ఉంటే కబురు వచ్చినా మోగకపోవచ్చు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళ ఆలస్యానికి తావు లేదు కనుక, కాపలా మనిషినీ ఫోన్ గడియారంలోని అలారాన్నీ యథాతథంగా ఉంచి, యాప్ ఏ సమయానికి మోగిందో పక్కన రాసి పెట్టుకోండి. ఆ వివరాలను ఐఫోన్‌లో అయితే స్క్రీన్‌షాట్ తీసి టెస్ట్‌ఫ్లైట్ ద్వారా, ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్‌లోని బీటా అభిప్రాయం ద్వారా పంపవచ్చు. రెండూ తయారీదారులకే చేరతాయి, బయటివారికి కనిపించవు. పంపేటప్పుడు ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్, ఆ సమయంలో నెట్ ఉందో లేదో తప్పక రాయండి.