ప్లగ్గూ లేదు, ఇంజెక్టరూ లేదు: ఈ 1.3 సీసీ ఇంజిన్ నిజంగా డీజిలేనా?

గాలిమర:
మా మేనమామ ఎగిరే చిన్న విమానాలు చేసేవారు. ఆయన పెట్టెలో మిల్స్ 1.3 ఇంజిన్ దొరికింది, 1946లో ఇంగ్లండులో మొదలైన రకం. అరచేతిలో ఇమిడిపోతుంది. నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్, వేడెక్కి మంట అంటించే గ్లో ప్లగ్, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ ఏవీ లేవు. తల మీద ఒక మర మాత్రం ఉంది. డీజిల్ ఇంజిన్ అంటారు కదా అని బండ్లలో వాడే డీజిల్ పోసి గంటసేపు ప్రొపెల్లర్ తిప్పాను. ఒక్కసారి కూడా అందుకోలేదు. ఆయన గుర్తుగా దీన్ని నడిపించాలని ఉంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

పంపు_పనివాడు:
ముందు ఆ డీజిల్ పారబోసి కిరోసిన్‌తో కడగండి. నేను ముప్పై ఏళ్లు డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేశాను. ఇలాంటి ఇంజిన్ మొదటిసారి చేతికొచ్చినప్పుడు నేనూ పంపు కోసమే వెతికాను.

ఇందులో పంపు ఎందుకు లేదో లెక్క వేసి చూడండి. 1.3 సీసీ సిలిండరులో పట్టే గాలి దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాములు. దానికి కావలసిన డీజిల్ మిల్లీగ్రాములో పదో వంతు. ఇది టూ స్ట్రోక్, అంటే ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది, కాబట్టి నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే, ఆ కాస్త ఇంధనాన్ని సెకనుకి 130కి పైగా సార్లు, సరిగ్గా సమయానికి, పొగమంచులా చిమ్మాలి. పెద్ద పంపులో ఇంధనాన్ని నెట్టే కడ్డీకీ (ప్లంజరు), అది కదిలే గొట్టానికీ (బారెలు) మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. అయినా ఆ సందులోంచి కొంచెం కారుతూనే ఉంటుంది. ఇంత చిన్న మోతాదులో ఆ కారుడే పెద్ద భాగం అయిపోతుంది.

పెద్ద ఇంజిన్లకే ఇది తేలిగ్గా కుదరలేదు. రుడాల్ఫ్ డీజిల్ 1893లో ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ఇంజిన్ పరీక్షించాడు. ప్రొఫెసర్ ష్రోటర్ కొలిచి 26 శాతం సామర్థ్యం ఉందని తేల్చింది 1897 ఫిబ్రవరిలో. సిలిండరు లోపలి వెడల్పు (బోరు) 250 మిల్లీమీటర్లున్న ఆ ఇంజిన్‌లోకి కూడా ఇంధనాన్ని కంప్రెసర్ గాలితో ఊదాల్సి వచ్చింది. బాష్ కంపెనీ 1927లో పంపుల్ని పెద్ద సంఖ్యలో తయారు చెయ్యడం మొదలుపెట్టాకే లారీలకి డీజిల్ ఇంజిన్ బాగా అందుబాటులోకి వచ్చింది. ఆ పంపుల పనితనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

మీ ఇంజిన్‌లో గాలీ ఇంధనమూ ముందే కలిసి సిలిండరు కింద ఉన్న గదిలోంచి (క్రాంక్ కేసు) పైకి వస్తాయి. మరి మంట ఎప్పుడు అంటుకోవాలో చెప్పేదెవరు? ఆ మరే. బిగిస్తే అది సిలిండరు పైభాగంలో మూతలా ఉండే కాంట్రా పిస్టన్‌ని కిందికి నెడుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది, మంట ముందుగా అంటుకుంటుంది. మేం పంపు దగ్గర చేసే టైమింగ్ పనంతా ఇక్కడ ఆ ఒక్క మర చూసుకుంటుంది. అందుకే దీన్ని డీజిల్ అనడం కన్నా కంప్రెషన్ ఇగ్నిషన్ ఇంజిన్ అనడమే సరైనదని నా అభిప్రాయం.

చిన్న సిలిండరులో గాలి తక్కువ, దాని చుట్టూ గోడ ఎక్కువ. నొక్కినప్పుడు పుట్టిన వేడి గోడలకే పోతుంది. అందుకని ఈథర్ కలుపుతారు. అది 160–180 డిగ్రీల సెల్సియస్‌కే తనంతట తాను అంటుకుంటుంది. కిరోసిన్ బలాన్నిస్తుంది, ఆముదం అరుగుదల ఆపుతుంది. మీలాంటి పాత ఇంజిన్‌కి మూడూ సమపాళ్లలో కలిపితే సరిపోతుంది.

ఆముదం_వాసన:
పంపు అన్న చెప్పినదానికి ఒక జాగ్రత్త. ఈథర్ ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంట పాకి దూరాన ఉన్న నిప్పుని కూడా అందుకుంటుంది. ఆరుబయటే కలపండి, మూత వెంటనే బిగించండి. చాలాకాలం నిలవున్న పాత ఈథర్ సీసా దొరికితే మూత కూడా తిప్పొద్దు, అందులో పేలే పెరాక్సైడ్లు చేరి ఉండొచ్చు.

ఇంకో సంగతి. ఇంధనం ఎక్కువై ప్రొపెల్లర్ బిగుసుకుపోతే బలవంతంగా తిప్పకండి. ద్రవం నొక్కుకోదు. నా మొదటి ఇంజిన్ కనెక్టింగ్ రాడ్ అలాగే వంగిపోయింది. మర వదులు చేసి, ఇంజిన్‌ని తలకిందులు చేసి నెమ్మదిగా తిప్పితే ఎక్కువైంది బయటికొస్తుంది.

గాలిమర:
అందుకుంది! మీరు చెప్పినట్టే కలిపాను. మొదట దడదడలాడుతూ వేగం పడిపోయింది. మర పావు చుట్టు వదులు చేసేసరికి గొంతు సాఫీ అయింది. ట్యాంకు అయిపోయేదాకా ఆగలేదు. ఆ వాసనకి మామయ్య పక్కనే నిలబడ్డట్టు అనిపించింది. ఒక్క అనుమానం: పిస్టన్‌కి రింగులు లేవు. ఊడిపోయాయా? ఇంకో పిస్టన్ వెతకాలా?

పంపు_పనివాడు:
వద్దు తమ్ముడూ. దీనికి రింగులు ఉండవు. పిస్టన్‌నీ, అది కదిలే సిలిండరు గొట్టం లైనర్‌నీ ఒకదానికొకటి సరిపోయేలా నూరి జత చేస్తారు, మా ప్లంజరు, బారెలు లాగే. ఒక జతలోది ఇంకో జతకి పనికిరాదు. ప్రొపెల్లర్‌ని కంప్రెషన్ దాకా తెచ్చి వేలితో అలాగే ఆపి చూడండి. లోపలి గాలి కాసేపు వేలిని వెనక్కి తోస్తూ ఉంటే ఆ జతకి ఇంకా ప్రాణం ఉన్నట్టే.