తెల్ల కొంగ ఈకల్లో గీతలు ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న:

పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్న వేళ, నీడలో ఉన్న నల్లటి నీటి మధ్య నిలబడిన తెల్ల కొంగను 500 మిల్లీమీటర్ల లెన్సుతో ఫొటో తీశాను. షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు, అపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్ 6.3; ఐఎస్ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో ఉంచితే కెమెరా 3200 ఎంచుకుంది. నీళ్లు చక్కగా వచ్చాయి గానీ, కొంగ ఒంటి మీద ఒక్క ఈకైనా విడిగా కనిపించడం లేదు. సున్నం కొట్టిన బొమ్మలా ఉంది. ఎడిటింగులో హైలైట్స్‌ను (బాగా వెలుగుగా ఉన్న భాగాలను) చివరిదాకా తగ్గిస్తే తెలుపు బూడిద రంగుకు దిగిందే తప్ప గీతలు తేలలేదు. షార్పెనింగ్ (అంచుల పదును) పెంచితే నీటి మీద ఇసుక చల్లినట్టు నాయిస్ బయటపడింది; దాన్ని తుడిచేస్తే మెడ మైనపు ముద్దలా తయారైంది. పొరపాటు తీయడంలో జరిగిందా, దిద్దడంలో జరిగిందా? పెద్దలు వివరించగలరు.

మొదటి జవాబు:

అసలు పొరపాటు తీసేటప్పుడే జరిగిందండీ. కెమెరాలో కాంతిని కొలిచే మీటరుకు అది కొంగ అని తెలియదు. ఫ్రేము మొత్తాన్ని సగటున ఒక మధ్యస్థమైన బూడిద రంగు స్థాయికి తేవాలని చూస్తుంది. మీ ఫ్రేములో ముప్పాతిక వంతు నల్లటి నీళ్లే కనుక, వాటిని వెలిగించబోయి కొంగను మాడ్చేసింది. ఇదే కొంగ ఫ్రేము నిండా ఉండి ఉంటే మీటరు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా పనిచేసి, తెలుపును మసకగా చూపించి ఉండేది. కాబట్టి ముదురు నేపథ్యంలో తెల్ల పక్షి ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు ఎంచిన వెలుగును మనం సవరించే సదుపాయాన్ని) ఒక స్టాపు, అంటే వెలుగు సగమయ్యేలా, తగ్గించి ఒక ఫొటో తీయండి, వెంటనే హిస్టోగ్రామ్ (ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగుల పంపకం చూపే గ్రాఫు) చూడండి; గీత కుడి అంచుకు గుద్దుకుని ఉంటే ఇంకొంచెం తగ్గించండి. తెర మీద బొమ్మ అందంగా కనిపించడాన్ని మాత్రం నమ్మకండి, నేను చాలాకాలం అలా నమ్మి మోసపోయాను.

ఇంకొక మాట. నిలబడి ఉన్న కొంగకు 2000వ వంతు వేగం అక్కర్లేదు. 500వ వంతుకు దిగితే నాలుగింతల కాంతి లోపలికి వస్తుంది, అదే వెలుగుకు ఐఎస్ఓ 800 సరిపోతుంది. పైన చెప్పిన ఒక స్టాపు తగ్గింపు కూడా కలిస్తే 400కు చేరుతుంది. అప్పుడు నాయిస్ బాధ చాలావరకు తీరుతుంది.

రెండో జవాబు:

పై మిత్రులతో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. కొంగ ఎప్పుడు ఎగురుతుందో చెప్పి ఎగరదు, 500వ వంతు దగ్గర రెక్కలు చెదిరిపోతాయి. నేనైతే ముందు నెమ్మది వేగంతో నాలుగు ఫొటోలు భద్రం చేసుకుని, ఆ తర్వాత వేగాన్ని 2000కు పెంచి కాచుకుని ఉంటాను.

ఇక దిద్దడం గురించి. బూడిద రంగు ఎందుకొచ్చిందంటే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లూ నిండిపోయిన చోట సెన్సరు ఏ తేడానూ నమోదు చేయలేదు; లేని తేడాను సాఫ్ట్‌వేర్ బయటికి తీయలేదు. ఒకటి రెండు చానళ్లు మిగిలి ఉంటే రా ఫైలులో (సెన్సరు నమోదు చేసింది దాదాపు యథాతథంగా ఉండే ఫైలులో) కొంత దక్కుతుంది. మీరు జేపెగ్‌లో (కెమెరాయే కుదించి ఇచ్చే మామూలు ఫొటో ఫైలులో) తీసి ఉంటే ఆ అవకాశమూ తక్కువే: 8 బిట్ల జేపెగ్‌లో చానలుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి.

నాయిస్‌ను ముందుగా, రా దశలోనే, కొద్దిగా తగ్గించాలి. తర్వాత పక్షికి ఒక మాస్క్ (మార్పు ఆ భాగానికే పరిమితమయ్యే హద్దు) గీసుకుని, కన్ను, ముక్కు, ఈకల అంచులకు మాత్రమే షార్పెనింగ్ ఇవ్వాలి. నీటికి షార్పెనింగ్ అవసరమే లేదు, అక్కడ నాయిస్‌ను గట్టిగా తుడిచినా ఎవరికీ తెలియదు. మీ కొంగ మైనపు ముద్ద కావడానికి కారణం నీటికి వేసిన మందునే మెడకూ వేయడం. ఫొటోను కావలసిన కొలతకు కుదించిన తర్వాత మరొక్కసారి, అతి స్వల్పంగా షార్పెనింగ్ ఇస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. పాతది జేపెగే. నిన్న మళ్లీ వెళ్లి, రా ఫైలులో, ఒక స్టాపుంబావు తగ్గించి తీశాను. తెర మీద కొంగ దిగులుగా కనిపించింది గానీ, ఇంటికొచ్చి నీడలను కాస్త ఎత్తేసరికి మెడ కింద వేలాడే సన్నటి ఈకలు పోగు పోగుగా విడివడి కనిపించాయి. అయితే రెక్క స్పష్టంగా ఉండి కన్ను మసకబారింది. కంటికి షార్పెనింగ్ ఎంత ఇచ్చినా చుట్టూ తెల్లటి అంచు కడుతోందే గానీ కన్ను తేలడం లేదు.

రెండో జవాబు ఇచ్చినవారు:

అది షార్పెనింగుతో తీరేది కాదండీ, ఫోకస్ రెక్క మీద పడింది. పది మీటర్ల దూరంలో, 500 మిల్లీమీటర్ల వద్ద, ఎఫ్ 6.3తో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 15 సెంటీమీటర్లే. కొంగ మీ వైపు ఏటవాలుగా నిలబడితే రెక్కకూ కంటికీ మధ్య అంతకన్నా ఎక్కువ ఎడం ఉంటుంది. మీ కెమెరాలో పక్షుల కంటిని గుర్తించే సదుపాయం ఉంటే వాడండి, లేకపోతే ఒకే చిన్న ఫోకస్ బిందువును తల మీద ఉంచండి. నేను వరసగా ఎనిమిది, పది ఫ్రేములు తీసి, కంట్లో వెలుగు చుక్క గుండ్రంగా, పదునుగా ఉన్న ఒక్కదాన్నే దిద్దడానికి తెరుస్తాను.