బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350: ఏది ముందంజ, ఏది జాగ్రత్త?

చర్చకు పెట్టిన వాదన

సుదూర విమానాలలో అసలైన కొత్తదనం 787తోనే వచ్చిందని, ఏ350 దాని అడుగుజాడల్లో జాగ్రత్తగా నడిచిందని నా అభిప్రాయం. 2004లో ఎయిర్‌బస్ ముందుకు తెచ్చిన మొదటి ఏ350, పాత ఏ330కి కొత్త రెక్కలు, కొత్త ఇంజన్లు తగిలించిన నమూనా మాత్రమే. విమాన సంస్థలు పెదవి విరిచిన తర్వాతే 2006లో వెడల్పైన శరీరంతో మళ్ళీ మొదటినుంచి గీశారు. ఇంజన్ నుంచి వేడి గాలిని లాగి క్యాబిన్‌కు పంపే దశాబ్దాల నాటి బ్లీడ్ పద్ధతిని 787 వదిలేసి, బయటి గాలిని విద్యుత్ కంప్రెసర్లతో నొక్కి లోపలికి పంపుతుంది. ఏ350 మాత్రం పాత పద్ధతినే పట్టుకుంది.

మొదటి సమాధానం

బ్లీడ్ గాలిని వదిలేయడం సాహసమే, కానీ అది ఉచితంగా రాలేదు. ఇంజన్ నుంచి గాలి రూపంలో తీసుకోని శక్తిని విద్యుత్ రూపంలో తీసుకోవలసిందే. అందుకే 787లో ఒక్కో ఇంజన్‌కు 250 కేవీఏ (విద్యుత్ సామర్థ్యపు కొలత) జనరేటర్లు రెండేసి ఉంటాయి, వాటితోపాటు కంప్రెసర్ల బరువు, వాటిని నడిపే పరికరాలను చల్లబరిచే ఏర్పాట్ల బరువు కూడా విమానం మోయాలి. 2013 జనవరిలో లిథియం బ్యాటరీల వల్ల 787లన్నిటినీ ఎగరకుండా నిలిపేసిన మాట నిజమే అయినా, దాన్ని ఈ పద్ధతి ఖాతాలో వేయడం అన్యాయం. ఆ బ్యాటరీలు క్యాబిన్ గాలికోసం పెట్టినవి కావు.

నాకు ఇంతకంటె ముఖ్యంగా తోచేది శరీర నిర్మాణం. 787 శరీరాన్ని కార్బన్ ఫైబర్‌తో గొట్టాల్లాంటి పూర్తి భాగాలుగా చేసి కలుపుతారు కాబట్టి పొడవునా సాగే అతుకులు తగ్గుతాయి, కానీ గొట్టాలు కలిసే చోట వెంట్రుకవాసి సందు ఉన్నా సర్దడం కష్టం. 2021, 2022 సంవత్సరాల్లో ఎక్కువ కాలం డెలివరీలు ఆగిపోవడానికి ఈ సందులే ఒక ముఖ్య కారణం. ఏ350లో పొడవాటి పలకలను చట్రంమీద బిగిస్తారు. అతుకులు ఎక్కువైనా, ఒక్కో పలక మందాన్ని అక్కడ పడే ఒత్తిడికి తగ్గట్టు మార్చుకోవచ్చు. దీన్ని పిరికితనమనడం నాకు సమ్మతం కాదు. అలాగని ఏ350 మచ్చలేనిదీ కాదు: దాని పైపూత, పిడుగు నుంచి కాపాడే లోహపు జాలి చెడిపోవడంపై ఎయిర్‌బస్‌కు, ఖతార్ ఎయిర్‌వేస్‌కు మధ్య నడిచిన వ్యాజ్యం 2023లో రాజీతో ముగిసింది.

రెండో సమాధానం

మీరిద్దరూ కొత్తదనం చుట్టూ తిరుగుతున్నారు, బరువును మరిచారు. 787లో ఒక రకమైన 787-9 గరిష్ఠ టేకాఫ్ బరువు సుమారు 254 టన్నులు, ఏ350లో ఒక రకమైన ఏ350-900ది 280 టన్నులు దాటుతుంది. రెక్కల విస్తారం మొదటిదానికి దాదాపు 60 మీటర్లు, రెండోదానికి 65 మీటర్లకు కాస్త తక్కువ. ఇవి ఒకే తరగతి విమానాలు కావు.

787-10నే చూడండి: 787-9 కంటె సుమారు 5.5 మీటర్లు పొడవైనా టేకాఫ్ బరువు పరిమితి అదే 254 టన్నులు కాబట్టి, పెరిగిన శరీరానికి, ప్రయాణికులకు అయిన బరువంతా ఇంధనం నుంచే కోసుకోవాలి. పరిధి దాదాపు 14,000 కిలోమీటర్ల నుంచి 12,000 లోపుకు పడిపోతుంది. ఎనిమిది తొమ్మిది గంటల మార్గాల్లో అది లాభసాటే. పదహారు గంటల మార్గానికి పనికిరాదు. ఏ350-900లో అదనపు ట్యాంకులు పెట్టకుండానే ఇంధన సామర్థ్యాన్ని 1,65,000 లీటర్లకు పెంచిన రకంతో, సింగపూర్ నుంచి న్యూయార్క్ ప్రాంతానికి సుమారు 15,300 కిలోమీటర్లు 2018 నుంచి ఎగురుతున్నారు.

మొదటి వాది జవాబు

బరువు విషయంలో ఒప్పుకుంటున్నాను. అయితే ఇంజన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ350కి ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ ఒక్కటే గతి, 787కు జీఈఎన్ఎక్స్, ట్రెంట్ 1000 రెండూ ఉన్నాయి. ట్రెంట్ 1000 టర్బైన్ బ్లేడ్లు చెడి ఎన్నో విమానాలు నేలమీద నిలిచినప్పుడు, జీఈఎన్ఎక్స్ ఎంచుకున్న సంస్థలు ఆ గండం తప్పించుకున్నాయి.

రెండో సమాధానమిచ్చినవారు

తప్పించుకున్నది ముందే ఎంచుకున్నవారు. ట్రెంట్ 1000తో కొన్నవారు మధ్యలో ఇంజన్ రకం మార్చుకోగలిగారా? ఎంపిక అనేది ఒప్పందంమీద సంతకం పెట్టేవరకే.