పిల్లల వేసవి శిబిరంలో సేద్యం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టను?

ప్రశ్న – బీఎస్సీ అగ్రికల్చర్, మూడో ఏడాది విద్యార్థిని
అందరికీ నమస్కారం. మే మొదటి వారం నుంచి వికారాబాద్ దగ్గర ఒక తోటలో ఇంటర్న్‌షిప్. పది రోజుల శిబిరం, 8 నుంచి 13 ఏళ్ల పిల్లలు ఇరవై మంది. ఎక్కువగా హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల నుంచే వస్తారు. కిరణజన్య సంయోగక్రియ, నత్రజని వలయం, నేలల రకాలు అంటూ ముప్పై స్లైడ్లు చేసుకున్నాను. చదివిన సబ్జెక్టే, కానీ పిల్లల ముందు నిలబడాలంటే టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు కాస్త దారి చెప్పండి.

జవాబు – సర్కారు బడి టీచరు
స్లైడ్లు హాస్టల్లోనే వదిలేసి వెళ్లమ్మా. ఏ గింజ ఎన్నాళ్లకు మొలుస్తుందో ఆ లెక్క రాసుకో. పెసలు, బొబ్బర్లు రెండు మూడు రోజుల్లో తల ఎత్తుతాయి. టమాటాకు వారం, మిరపకు పది రోజుల దాకా పడుతుంది. నేనొకసారి మొదటి రోజే మిరప విత్తనం వేయించాను. ఎనిమిదో రోజున ఓ పిల్లాడు మట్టి తవ్వి చూసి "సార్, గింజ చచ్చిపోయింది" అని ఏడుపు.

అందుకే పది రోజులు ముందు నుంచే రెండు రోజులకోసారి ఒక గాజు గ్లాసులో బొబ్బర్లు పెడుతూ రా. గ్లాసు గోడకీ తడి కాగితానికీ మధ్య గింజ ఉండాలి. పిల్లలొచ్చేసరికి నానిన గింజ మొదలు ఆకులు విప్పిన మొక్క దాకా వరసగా కనిపిస్తాయి. వేరు వచ్చిన గ్లాసునొకదాన్ని పక్కకు పడుకోబెట్టు. మర్నాటికి వేరు వంగి కిందికి తిరుగుతుంది. ఎందుకని వాళ్లే అడుగుతారు, పాఠం అప్పుడు చెప్పు.

జవాబు – రైతు, వికారాబాద్ వైపు
ముందు ఎండ సంగతి చూడు బిడ్డా. పొలం పని పొద్దున ఆరు నుంచి తొమ్మిదిలోపు, మళ్లీ సాయంత్రం ఐదు దాటాకే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకో.

పిల్లలు రాకముందే తోటంతా ఒకసారి నువ్వు తిరుగు. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకో. గురివింద గింజ ఎర్రగా నల్లచుక్కతో ముద్దొస్తుంది, నమిలితే మాత్రం విషం. పురుగుమందుల గదికి తాళం ఉందా చూడు. కట్టెల మోపుల్లో, రాళ్ల కుప్పల్లో చేతులు పెట్టనివ్వకు. పాము కరిస్తే బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కో. భయపెడుతున్నానని అనుకోకు, నా చేలో నాకే రెండుసార్లు రక్తపింజర ఎదురైంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని
చాలా థాంక్స్ సార్, థాంక్స్ బాబాయ్. మరి మధ్యాహ్నం అన్ని గంటలు ఏం చేయించాలి? ఫోన్లు కూడా తీసేసుకుంటారట.

జవాబు – రెండేళ్ల కిందట ఇదే పని చేసినవాడు
చెల్లీ, ఖాళీ సీసాలు పోగెయ్. చేను మట్టి, చెరువు మట్టి, బాట పక్క మట్టి తలో సీసాలో మూడో వంతు పోసి, నీళ్లు నింపి, మూత బిగించి ఊపమను. ఊపడమే వాళ్లకు పెద్ద పండగ. ఇసుక నిమిషంలో అడుగుకు దిగుతుంది, దాని మీద ఒండ్రు. బంకమన్ను మర్నాటికీ నీళ్లను మసకగానే ఉంచుతుంది. పొరలు స్కేలుతో కొలిచి రాయించు. వీలైతే తాండూరు వైపు నల్లరేగడి కాస్త తెప్పించు. అక్కడి కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక పంట అనే ముద్ర, వచ్చింది. "మీ ఇంటి పప్పుకి ఈ మట్టికీ చుట్టరికం" అంటే చెవులు రిక్కిస్తారు.

ఇంకోటి, తోటలో రేల చెట్టుంటే పట్టుకో. మేలో పసుపు గుత్తులతో ఉంటుంది. పొద్దున్నే దాని కింద అరగంట మాట్లాడకుండా కూర్చోబెట్టి, ఏమేం వచ్చి వాలాయో బొమ్మలు వేయించు. మా వాళ్లలో చదువంటే పారిపోయే ఒకడు ఏడు రకాల పురుగులు గీశాడు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని
స్లైడ్లు పక్కన పెట్టేశా. ఒక్క చిన్న సందేహం. కిరాణా కొట్టు బొబ్బర్లు మొలుస్తాయా?

జవాబు – సర్కారు బడి టీచరు
చాలావరకు మొలుస్తాయి. ముందు ఓ పది గింజలు తడిగుడ్డలో మూట కట్టి చూడు. ఏడెనిమిది మొలిస్తే అవే వాడు, లేదంటే విత్తనాల షాపులో కొనుక్కో. మిరప మాత్రం నారే తెచ్చుకో తల్లీ.