పాకాల క్యాంపింగ్‌కు కుక్కను తీసుకెళ్లాలా, వద్దా? మీ మాట కావాలి

హన్మకొండ రాకీ వాళ్ల నాన్న:
డిసెంబర్ చివర్లో నలుగురు ఫ్రెండ్స్‌మి పాకాల చెరువు పక్క అడవి వైపు టెంట్లు వేసుకుని రెండు రాత్రులు ఉందామనుకున్నాం. మా రాకీ కూడా వస్తాడని నేను మొదటి రోజే చెప్పాను. నాలుగేళ్ల ల్యాబ్, అంటే ల్యాబ్రడార్. ఇద్దరు సరేనన్నారు. మూడోవాడు మాత్రం కుక్క వస్తే తాను రానన్నాడు. "నీకు అది కొడుకే కావచ్చు, అడవికి మాత్రం కుక్కే" అన్నాడు. ఆ మాట మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది.

నా బాధ కూడా వినండి. పోయిన దసరాకు ఊరెళ్తూ వాడిని కుక్కల హాస్టల్‌లో వదిలాం. ఐదు రోజుల తర్వాత వెళ్తే గొంతు బొంగురుపోయి ఉంది, ఊచలకు రుద్దుకుని ముక్కు మీద చర్మం లేచిపోయింది. మళ్లీ అలా వదలలేను. నా పక్కన ఉంటే వాడికి ఏ టెన్షనూ ఉండదు. బెల్టు వేసే ఉంచుతాను. ఇందులో తప్పేముంది?

తాడ్వాయి పక్క ఊరు:
అన్నా, నువ్వు కుక్కను ప్రేమిస్తావు కాబట్టే చెబుతున్నా. అడవికి తేవద్దు.

మా చిన్నాయన సంగతి చెప్తా. మా దగ్గర మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలుతాయి. తెల్లారకముందే ఏరడానికి పోతారు. అదే వేళకు ఎలుగుబంట్లు కూడా ఆ పూల కోసమే వస్తాయి. ఆ రోజు చిన్నాయన వెంట మా కుక్క పోయింది. ముందు దానికే వాసన తగిలింది. మొరుగుతూ పొదలోకి ఉరికింది. ఎలుగు ఎదురు తిరిగింది. అప్పుడు కుక్క ఏం చేసిందో తెలుసా? యజమాని దగ్గరికే ఉరికొచ్చింది, ఎలుగు దాని వెనకే వచ్చింది. కుక్కకు ఒక్క గీత పడలేదు. చిన్నాయన ఎడమ భుజం మీద గోళ్ల గుర్తులు ఇప్పటికీ నాలుగు చాళ్లలా కనిపిస్తాయి. కుక్క లేకపోతే ఆ ఎలుగు దాని దారిన అది పోయేదని ఆయనే అంటాడు.

డిసెంబర్‌లో ఇప్పపూలు ఉండవు, నిజమే. కానీ చిరుతకు కాలంతో పనిలేదు. దానికి కుక్క అలవాటైన వేట. టెంట్ బయట కట్టేసిన కుక్క అంటే దానికి పిలిచి పెట్టినట్టే. పాకాల చెరువులో మొసళ్లున్నాయి, ల్యాబ్‌కేమో నీళ్లు కనిపిస్తే ఆగదు. చెరువు చుట్టూ ఉన్నది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. మీ నలుగురి సంగతే ముందు ఫారెస్టోళ్లను అడగాలి. రాకీ సంగతి తర్వాత.

బుజ్జమ్మ వాళ్ల అక్క, కరీంనగర్:
తమ్ముడూ, నువ్వు చెప్పిన అడవి విషయం ఒప్పుకుంటాను. కానీ "కుక్కకు క్యాంపింగ్ వద్దు" అని అందరూ ఒకే మాట అనేస్తే మాలాంటి వాళ్లకు బాధేస్తుంది. మా బుజ్జమ్మ దేశీ కుక్క, వీధిలో దొరికింది. మూడేళ్లుగా నాతో చెరువు గట్లమీద, చుట్టాల పొలాల్లో, మామిడి తోటల్లో టెంట్‌లో పడుకుంటోంది. ఒక్కసారి కూడా అడవి లోపలికి తీసుకుపోలేదు. అడగాల్సిన ప్రశ్న "ఎక్కడికి" అన్నది. "తీసుకెళ్లాలా వద్దా" అనే ప్రశ్న దాని తర్వాతే వస్తుంది.

రాకీ వాళ్ల నాన్నగారూ, ముందు డాబా మీద టెంట్ వేసి ఒక రాత్రి పడుకోండి. మా దానికి మొదట్లో టెంట్ జిప్పు చప్పుడంటేనే హడల్. అలవాటయ్యాక అదే ముందు దూరి కూర్చునేది. తాడు టెంట్ కర్రకు కట్టొద్దు. అర్ధరాత్రి నక్క కూస్తే కుక్క లేస్తుంది, దానితోపాటు టెంటూ లేస్తుంది. నేను తాడు కొస నా నడుముకు కట్టుకుని లోపలే పడుకోబెడతాను. చలికి కింద గోనెసంచి, దానిమీద పాత బొంత. కటిక నేల మీద పడుకుంటే ల్యాబ్‌కైనా వణుకు పుడుతుంది. ఆదిలాబాద్ వైపైతే ఆ నెలలో రాత్రి పది డిగ్రీల లోపుకు కూడా పడిపోతుంది.

ఇంకొకటి, గోమార్లు, అదే రక్తం పీల్చే పురుగులు. సాయంత్రం నడక అయ్యాక లైటు పట్టుకుని చెవుల లోపల, చంకల్లో, తోక మొదట్లో, ముఖ్యంగా కాలివేళ్ల మధ్య చూస్తాను. పోయిన సంక్రాంతికి ముందు కుడికాలు వేళ్లు విడదీసి చూస్తే రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బిన గోమారి ఒకటి, పక్కనే నువ్వుగింజంత పిల్లవి మూడు. పొలం ఆయన కిరోసిన్ తెచ్చాడు, నేను వద్దన్నాను. కిరోసిన్ పోసినా అగరుబత్తితో కాల్చినా గోమారి కక్కుతుంది, ఆ కక్కిందే కుక్క ఒంట్లోకి పోతుంది. చర్మానికి ఆనించి చిన్న పట్టకారుతో పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. అదే వేళ్ల మధ్య పల్లేరు కాయలు కూడా దొరుకుతాయి. కుంటుతోందంటే ముందు అక్కడే చూడండి.

పశువైద్యం చేస్తాను:
అక్క చెప్పిన గోమారి విషయానికి ఒక మాట కలుపుతాను. గోమారి వల్ల వచ్చే జ్వరం ట్రిప్ నుంచి వచ్చిన మర్నాడే రాదు. ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు. అప్పటికి అందరూ ట్రిప్ సంగతి మర్చిపోతారు. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా డాక్టర్‌కు "ఇన్ని రోజుల కింద పొలంలో పడుకున్నాం" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో సగం పని తేలికవుతుంది.

రేబిస్ టీకా, పలు జబ్బులకు కలిపి వేసే నైన్ ఇన్ వన్ టీకా గడువులో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. గడువు దాటితే కనీసం రెండు వారాల ముందు వేయించాలి. చెరువు నీళ్లు తాగనివ్వొద్దు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టో జబ్బు ఆ నీళ్ల నుంచే అంటుకుంటుంది. చికెన్ కాల్చుకుంటారు కదా, బొక్కలు మాత్రం వేయకండి. ఉడికిన బొక్క చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లిపాయ పడ్డ కూర కూడా వద్దు, అది రక్తకణాలను పగలగొడుతుంది.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని బండెక్కించండి. బయల్దేరకముందే దగ్గర్లో ఏ ఆస్పత్రిలో కుక్కకు విషానికి విరుగుడు ఇంజెక్షన్ వేస్తారో ఫోన్ చేసి కనుక్కోండి. అర్ధరాత్రి వెతుక్కోవడానికి టైమ్ ఉండదు.

నర్సంపేట రోడ్డు:
నాకొక డౌట్. ఆ చెరువుల దగ్గర ఊరకుక్కలు గుంపులుగా తిరుగుతాయి. వాటికి టీకాలుండవు, బెల్టుండదు. వాటికి లేని అడ్డు శుభ్రంగా టీకాలు వేయించిన రాకీకి ఎందుకు? అడవికి వాడి వల్ల ఏం నష్టం?

తాడ్వాయి పక్క ఊరు:
మంచి ప్రశ్న అన్నా. ఊరకుక్కల వల్ల నష్టం లేదని నేననలేదు. అవి చుక్కల దుప్పి పిల్లలను తరిమి చంపడం నేను కళ్లారా చూశాను. కానీ వాటికి ఈ అడవి వాసనలు అలవాటే. రాకీకి ఆ వాసనలన్నీ కొత్త.

రోగాల సంగతీ ఉంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో దొరికింది డిస్టెంపర్ వైరస్, కుక్కలకు వచ్చేదే. మా ములుగు అడవుల్లో ఈ మధ్య మళ్లీ పెద్దపులి అడుగులు కనిపిస్తున్నాయి. కవ్వాల్ అడవి వైపు రేచుకుక్కలు, అంటే అడవికుక్కలున్నాయి. రాకీకి టీకాలు ఉన్నాయి సరే, ఒకడికి ఒప్పుకుంటే వచ్చే వారం ఇంకో పది మంది తెస్తారు. అందరి టీకా కార్డులు ఎవరు చూస్తారు?

పశువైద్యం చేస్తాను:
డిస్టెంపర్ గురించి తమ్ముడు చెప్పింది నిజం. నైన్ ఇన్ వన్‌లో దానికి టీకా ఉంది. కానీ నా దగ్గరికి వచ్చే పెంపుడు కుక్కల్లో ఏటేటా వేయించేవి సగం కూడా ఉండవు. అందుకే నా ఓటు కూడా అడవికి వద్దనే, తోటకైతే సరేననే.

హన్మకొండ రాకీ వాళ్ల నాన్న:
అందరికీ థ్యాంక్స్. నిన్న ఆ ఫ్రెండ్‌కు నేనే ఫోన్ చేశాను. తాడ్వాయి తమ్ముడు చెప్పిన చిన్నాయన సంగతి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా మామ తోట ఉంది, అక్కడికి పోదాం, రాకీని తీసుకురా" అన్నాడు. నర్సంపేట ఇవతలే, మామిడి, పక్కన మొక్కజొన్న. పాకాలకు మనుషులం మాత్రమే పగటిపూట పోయి వస్తాం. అప్పుడు మామ వాళ్లింట్లో ఎవరో ఒకరం రాకీతో ఉంటాం.

అక్కా, రాత్రి డాబా మీద టెంట్ వేశాను. జిప్పు లాగగానే మెట్లు దిగి పరుగో పరుగు. రెండోసారి గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. పదకొండింటికి తనంతట తనే వచ్చి నా చెప్పుల మీద మూతి పెట్టి పడుకున్నాడు.

తాడ్వాయి పక్క ఊరు:
సంతోషం అన్నా. తోట కాబట్టి రెండు అడుగు. బావికి చుట్టూ గోడ ఉందా? మన దగ్గర చాలా వ్యవసాయ బావులకు ఉండదు, చీకట్లో కుక్కకు అంచు తెలియదు. రెండోది, పక్కన మొక్కజొన్న అన్నావు. అడవిపందుల కోసం రాత్రి కరెంటు తీగ పెట్టే వాళ్లు ఇంకా ఉన్నారు. అది నేరమని తెలిసీ పెడతారు. మామను అడగు, పక్క చేను వాళ్లనూ అడగు.

హన్మకొండ రాకీ వాళ్ల నాన్న:
బావికి గోడ లేదట. పక్క చేను ఆయన నంబర్ ఇప్పుడే తీసుకున్నాను, ఫోన్ చేస్తున్నాను.