అప్‌డేట్: బొంబాయి వెళ్లిన ముత్తాత, ఆయన తండ్రి పేర్లు దొరికాయి (దేవరకొండ)

దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి కట్టుబడి పనికి బొంబాయి పోయిన ముత్తాత వివరాలు, ఆయన తండ్రి పేరు ఎట్ల పట్టుకోవాలని ఇక్కడ అడిగాను. దొరికాయి. దారి చూపిన అందరికీ దండాలు.

పనిచేసింది సేత్వార్ (నిజాం కాలం నాటి భూమి సర్వే రికార్డు) చూడమన్న సలహానే. పాత సర్వే నంబరుతో ధ్రువీకరించిన నకలు తీసుకొని, ఉర్దూ దస్తూరీ బాగా తెలిసిన ఒక పెద్దాయనతో చదివించాం. పట్టాదారు పేరు పక్కన ‘వల్ద్’ అని ఉంటది, దాని తర్వాత వచ్చేదే తండ్రి పేరు. చుక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. ఉర్దూ అక్షరాల్లో ‘బే’ (బ) కింద ఒక చుక్క, ‘పే’ (ప) కింద మూడు. రాసినాయన తొందరలో చుక్కలు వదిలేస్తే పుల్లయ్య కాస్తా బుల్లయ్య అవుతాడు. అందుకే 1954-55 ఖాస్రా పహాణీతో (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు) పోల్చి చూడాల్సిందే. మా పేరు అక్కడే ఖాయమైంది.

పాత రికార్డుల్లో ఏండ్లు ఫస్లీలో (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) ఉంటాయి. నిజాం ఇలాకా ఫస్లీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. సరిచూసుకోవాలంటే జాగీర్ల రద్దు గుర్తుపెట్టుకోండి: 1358 ఫస్లీ, 1949 ఆగస్టు.

తండ్రి పేరు, ముత్తాత ఉన్న కామాటిపురా (బొంబాయిలో ఒక పేట) చిరునామా రెండూ చేతికొచ్చాకే ముంబైలో మరణ నమోదు నకలు దొరికింది.

ఇలాంటి వెతుకులాటలో తలపుకొచ్చే లండన్ బ్రిటిష్ లైబ్రరీ చర్చి రిజిస్టర్లు మాకు అక్కరకు రాలేదు. అవి క్రైస్తవుల బాప్టిజం, పెళ్లి, ఖననాల నమోదులు. డీఎన్‌ఏ పరీక్ష అవసరమే పడలేదు.