జాగ్‌లో ఉమ్మడి మెరిట్ వచ్చింది సరే, అమ్మాయిలకు ఆ తర్వాతి దారి ఏమిటి?

న్యాయపథం: 2025 ఆగస్టు 11న అర్ష్‌నూర్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద చర్చ ఇది. ఆర్మీ న్యాయ విభాగం జాగ్‌కి 2023 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్‌లో 9 ఖాళీలుంటే మగవాళ్లకు 6, ఆడవాళ్లకు 3. మహిళల జాబితాలో నాలుగో స్థానంలో ఉన్న అమ్మాయికి, ఎంపికైన ఒక అబ్బాయి కంటే మార్కులు ఎక్కువే. అయినా సీటు రాలేదు. ఆ విభజన చెల్లదని, ఇకపై ఒకే మెరిట్ జాబితా ఉండాలని కోర్టు చెప్పింది. ఇప్పుడు లా చదివిన అమ్మాయిని జ్యుడీషియల్ సర్వీసు కాదని ఇటు రమ్మనవచ్చా?

కోటగుమ్మం: ధైర్యంగా రమ్మనవచ్చు. ఆర్మీలో మహిళలకు పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంటు దాకా కొనసాగే అవకాశం) తలుపు 2008లో తెరిచింది రెండే చోట్ల: జాగ్, ఎడ్యుకేషన్ కోర్. మిగతా ఎనిమిది విభాగాల వాళ్లు 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఇచ్చిన బబితా పూనియా తీర్పు దాకా ఎదురుచూశారు. ఇక అర్ష్‌నూర్ కౌర్ తీర్పులో అసలు పట్టు ఆర్మీ చట్టం సెక్షన్ 12 దగ్గర ఉంది. ఆ సెక్షన్ కింద ఒక విభాగంలోకి మహిళలను అనుమతించాక, ఇంతమందే అని పాలనాపరమైన ఉత్తర్వుతో గీత గీయడం కుదరదంది కోర్టు. గతంలో జరిగిన నష్టానికి పరిహారంగా మహిళలకు సగానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలి, మెరిట్ ఉంటే సగం దాటినా ఆపకూడదు అని కూడా చెప్పింది.

నల్లకోటు: ప్రవేశం వరకు ఒప్పుకుంటాను. తర్వాత సంగతి చూడండి. మొదట చేరేది షార్ట్ సర్వీస్‌లో, అంటే పరిమిత కాలానికే: పదేళ్లు, పొడిగిస్తే మరో నాలుగు. ఆఫీసరుకు పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంటే పర్మనెంట్ కమిషన్ రాకపోతే గ్రాట్యుటీ తీసుకుని బయటికి. 25 ఏళ్లకు చేరిన అమ్మాయి ట్రైనింగ్ పోను పదేళ్లు చేసి వచ్చేసరికి 36. మన రెండు రాష్ట్రాల్లో సివిల్ జడ్జి పోస్టుకు జనరల్ కేటగిరీ వయోపరిమితి 35. పైగా 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి. ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇది ముందే చెప్పకుండా పిల్లలను ఉత్సాహపెట్టడం అన్యాయం.

సెక్షన్ 129: నల్లకోటు గారు చెప్పిన పద్నాలుగేళ్ల గడువు పెన్షన్‌తోనే ఆగదండీ, చేసే పనినే కత్తిరిస్తుంది. జనరల్ కోర్ట్ మార్షల్‌లో (పెద్ద నేరాలను విచారించే సైనిక కోర్టు) జడ్జ్ అడ్వకేట్, అంటే ఆ కోర్టుకు న్యాయ సలహా ఇచ్చే జాగ్ ఆఫీసరు ఉండి తీరాలి, ఆర్మీ చట్టం సెక్షన్ 129 అదే. ఆ జడ్జ్ అడ్వకేట్ ర్యాంకు నిందితుడైన ఆఫీసరు ర్యాంకు కంటే తక్కువ ఉండకూడదని చరణ్‌జీత్ సింగ్ గిల్ కేసులో 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ర్యాంకువాళ్లు నిజంగా దొరకనప్పుడే మినహాయింపు, అదీ కారణం రాసి. ఇప్పుడు లెక్క వేయండి. కెప్టెన్ 2 ఏళ్లకు, మేజర్ 6 ఏళ్లకు, లెఫ్టినెంట్ కల్నల్ 13 ఏళ్లకు. అక్కడిదాకా సర్వీసు కాలంతో వస్తాయి. కల్నల్ మాత్రం సెలక్షన్ బోర్డు చేతిలో. పద్నాలుగేళ్లకు వెళ్లిపోయే ఆఫీసరు కల్నల్ మీద, బ్రిగేడియర్ మీద నడిచే విచారణలో కూర్చునే అవకాశం దాదాపు ఉండదు. అందుకే ప్రవేశంలో కోటా పోవడం సగం గెలుపే. మొదటి ఏళ్ల నుంచీ కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు (పర్మనెంట్ కమిషన్‌కు చూసే ఏటేటా పనితీరు నివేదికలు) ఎలా రాస్తున్నారో అడగాలి. అవి అలవోకగా రాసినందువల్ల మహిళా ఆఫీసర్లకు ఎంత నష్టం జరిగిందో 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన నితీశా తీర్పు విప్పి చూపింది.

నల్లకోటు: ర్యాంకు ఉన్నా స్వతంత్రత ఏది? జడ్జ్ అడ్వకేట్‌కు ఓటు లేదు. నియమించేది కూడా అదే సైనిక వ్యవస్థ.

సెక్షన్ 129: ఓటు లేదు, నిజం. కానీ ఇచ్చిన న్యాయ సలహా ప్రొసీడింగ్స్‌లో నమోదవుతుంది. దాన్ని కోర్ట్ మార్షల్ పక్కన పెడితే, సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 15 అప్పీలులో ఆ ట్రిబ్యునల్ చూసేది ఆ రికార్డునే. మన రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ పరిధిలోవి. కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఆర్మీ రూల్స్‌లోని రూల్ 180 దగ్గర. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో (యూనిట్ జరిపే ప్రాథమిక విచారణ) ఎవరి పరువుకు భంగం కలిగేలా ఉందో వాళ్లను సాక్షుల వాంగ్మూలమంతా విననివ్వాలి, ప్రశ్నించనివ్వాలి. యూనిట్ హడావుడిలో ఇది తప్పిపోతే ఎంత గట్టి కేసైనా కూలుతుంది. ముందే పట్టుకుని ఆపాల్సింది జాగ్ ఆఫీసరే. దీన్ని చిన్న పని అనుకోవద్దు.

కోటగుమ్మం: వెళ్లదలచినవాళ్లకు: వయసు 21–27, పెళ్లి కాకూడదు, ఎల్‌ఎల్‌బీలో 55 శాతం, క్లాట్ పీజీ (జాతీయ లా వర్సిటీల ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష) స్కోరు. చాలామంది ఇక్కడే జారిపోతున్నారు. మనవాళ్లు ఎల్‌ఎల్‌ఎం కోసం రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఎల్‌సెట్ ఒక్కటే రాసి ఊరుకుంటారు. ఎల్‌ఎల్‌ఎం చేసినవాళ్లకు కూడా క్లాట్ పీజీ మినహాయింపు లేదు. క్లాట్ పీజీలో 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. తర్వాత ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సైనిక ఎంపిక బోర్డు ఇంటర్వ్యూ), మెడికల్, చెన్నైలోని ఆఫీసర్ల శిక్షణ అకాడమీ ఓటీఏలో 49 వారాల ట్రైనింగ్.

నల్లకోటు: ఒకటి కలపండి. బార్ కౌన్సిల్‌లో ముందే ఎన్‌రోల్ అయినవాళ్లు చేరగానే రాతపూర్వకంగా తెలిపి ప్రాక్టీసు ఆపాలి. జీతం తీసుకునే పూర్తికాల ఉద్యోగి ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ రూల్ 49 అడ్డం. ఆ కాగితం పెట్టకపోతే తిరిగి వచ్చినప్పుడు క్రమశిక్షణ కమిటీ ముందు నిలబడాల్సి రావచ్చు. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది: పదో ఏట పర్మనెంట్ కమిషన్ రాకపోతే ఏం చేస్తారో చేరేముందే ఆలోచించుకోండి.